లేవీయకాండం 19లో మన పెద్దలకు పచ్చబొట్టు వచనం ఒక్కటే కనిపిస్తుందా?

గాజువాక_తమ్ముడు
మొన్న ఆదివారం మా సంఘంలో జరిగింది చెప్తాను. మా చెల్లికి 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. నాన్న పోయి పదకొండు నెలలైంది. నాన్న సంతకాన్ని ఎడమ చేతి మణికట్టు లోపలి వైపు పచ్చబొట్టు వేయించుకుంది. పాత బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్న సంతకానికి ఫొటో తీసి ఇచ్చిందట. చివర్లో నాన్న కిందికి లాగి గీసే గీత కూడా అచ్చం అలాగే దిగింది. ఇంట్లో చూసి అమ్మ ఏమీ అనలేదు, ఆ గీత మీద వేలు పెట్టి రాసింది, అంతే.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన చెల్లి చెయ్యి పట్టుకుని పైకెత్తి, అందరి ముందూ లేవీయకాండం 19:28 చదివారు. "చచ్చినవారికొరకు మీ దేహమును చీరుకొనకూడదు" అన్న దగ్గర గొంతు పెంచి మరీ చదివారు. పశ్చాత్తాపపడేదాకా క్వయర్‌లో పాడకూడదన్నారు. అది ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. పక్క బెంచీలోనే మా నాయనమ్మ ఉంది. ఆవిడకి రెండు చేతులకీ మోచేతిదాకా పచ్చబొట్లే, చిన్నప్పుడు ఊళ్లో పొడిపించినవి. నలభై ఏళ్లుగా అదే సంఘంలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకుంటోంది.

అసలు నా కడుపు మండింది ఎక్కడంటే, నాన్న ఆస్పత్రి ఖర్చులకి అమ్మ ఆ పెద్దాయన దగ్గరే 60 వేలు తీసుకుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకి 1,800 కడుతున్నాం, అసలు అసలులాగే ఉంది. అందుకే అమ్మ ఆ రోజు నోరెత్తలేకపోయింది. ఇంటికొచ్చి లేవీయకాండం తిరగేశాను. 25:36, 37లో బీదవాడైన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని ఉంది. అదే పుస్తకం, ఆరు అధ్యాయాలు అవతల. మరి ఒకటి ఇప్పటికీ దేవుడి ఆజ్ఞ, రెండోది ఎవరికీ పట్టని మాట ఎలా అయింది? ఎవరు ఎంచుతున్నారు, దేన్ని బట్టి ఎంచుతున్నారు? తిట్టడానికి అడగట్లేదు. బైబిల్ బాగా తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

ఉక్కునగరం_రిటైర్డ్
బాబూ, నలుగురిలో ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడం తప్పు. అందులో రెండో మాట లేదు. కానీ వాక్యం వాక్యమే. పచ్చబొట్టు వద్దని రాసి ఉంది. చెప్పినవాడు సరైనవాడు కాడని చెప్పిన మాట అబద్ధం అయిపోదు.

జాలారి_అమ్మాయి
అంకుల్, మరి రొయ్యలు? లేవీయకాండం 11లో రెక్కలూ పొలుసులూ లేని నీటి జీవి ఏదీ తినకూడదని ఉంది. మా పెదజాలారిపేట సంఘంలో సగంమంది ఫిషింగ్ హార్బర్ మీదే బతుకుతున్నాం. రొయ్యలు, పీతలు అమ్మిన డబ్బే కానుకల సంచిలో పడుతుంది. బాలింతకి పాలు పడాలని సొర పుట్టు చేసి పెడతాం, సొరకి పొలుసులు గీకి తీసేదేమీ ఉండదు. మా పాస్టర్ అయ్యగారు మా ఇంటికొస్తే పీతల పులుసు రెండోసారి వేయించుకుంటారు. అప్పుడు లేవీయకాండం ఎవరూ తెరవరు.

నైట్‌షిఫ్ట్
పీతల పులుసు సంగతి చెప్పి ఊరుకుంటే ఎలా అమ్మాయ్, అడ్రసు కూడా చెప్పు.

ఉక్కునగరం_రిటైర్డ్
ఏ ఆహారమూ అపవిత్రం కాదని కొత్త నిబంధనే తేల్చేసింది. మార్కు 7:19 చూడు, అపొస్తలుల కార్యములు 10లో పేతురు దర్శనం చూడు. అది మనం ఎంచుకున్నది కాదు.

గాజువాక_తమ్ముడు
ఒప్పుకుంటాను అంకుల్. ఆహారం తేల్చేసింది. వడ్డీని ఎక్కడ తేల్చేసింది?

బైబిల్‌స్కూల్_స్టూడెంట్
మాకు క్లాసులో చెప్పే పద్ధతి చెప్తాను, పనికొస్తుందేమో. ధర్మశాస్త్రాన్ని మూడు భాగాలుగా చూడాలంటారు. నైతిక ఆజ్ఞలు (దొంగతనం, వ్యభిచారం, హత్య), ఆచార సంబంధమైనవి (బలులు, ఆహారం, శుద్ధి), ఇశ్రాయేలు దేశపాలనకు చెందినవి. మొదటివి ఎప్పటికీ ఉంటాయి. రెండోవి క్రీస్తులో నెరవేరాయి. మూడోవి ఆ రాజ్యంతో పోయాయి. మధ్యయుగపు పండితుడు థామస్ అక్వినాస్ ఇలాగే విడదీశాడు, ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కూడా. కాబట్టి రొయ్యలు తిని వ్యభిచారం వద్దనడం రెండు నాలుకల మాట కాదు. హేతువాదులు ఆ ప్రశ్న అడిగి గెలిచామనుకుంటారు, దానికి జవాబు ఎప్పుడో ఉంది.

అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులు ధర్మశాస్త్రంలో ఏమేం పాటించాలన్న గొడవ మొదటి తరంలోనే వచ్చింది. అపొ. కార్యములు 15 మొత్తం ఆ మీటింగే. నాలుగే చెప్పి పంపారు: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం.

జాలారి_అమ్మాయి
ఆ నాలుగింట్లో రక్తం ఉంది కదా. ఆదివారం పొద్దున్నే మేక రక్తం కొని వేపుడు చేసి తినేసి ఆరాధనకి వచ్చేవాళ్లు నాకు పదిమంది తెలుసు. అది పాత నిబంధన కూడా కాదు.

బైబిల్‌స్కూల్_స్టూడెంట్
అవును. అది కష్టమైన చోటే. మా ఇంట్లో కూడా వండుతారు.

ఎంవీపీ_టీచరమ్మ
స్టూడెంట్ బాబు చెప్పిన మూడు భాగాల పద్ధతి నాకూ తెలుసు, ముప్ఫై ఏళ్లు సండే స్కూల్ చెప్పాను. చిక్కేమిటంటే ఆ చీటీలు బైబిల్లో అంటించి లేవు. తమ్ముడు చెప్పిన 19వ అధ్యాయాన్నే తీసుకోండి. రాత్రి కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. మీరూ చదవండి, పది నిమిషాలు పట్టదు.

9, 10 వచనాలు: పొలం కోసేటప్పుడు అంచులు వదిలేయాలి, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకీ పరదేశులకీ. 13: కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. 14: చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకూడదు. 16: కొండేలు మోస్తూ తిరగకూడదు. 18: "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను." యేసు రెండో గొప్ప ఆజ్ఞ అని చెప్పింది ఇదే, ఇక్కణ్ణుంచే తీసుకున్నాడు. దాని వెంటనే 19: రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టకూడదు. అక్కడ లైను గీసి ఇది నైతికం, ఇది ఆచారం అని దేవుడు రాయలేదు. ఒకే ఊపిరిలో చెప్పాడు.

ఇంకా ఉంది. 27: గడ్డం పక్కలు గొరగకూడదు. 28: పచ్చబొట్టు. అంటే ఆ పెద్దమనిషి వేలు పెట్టి చదివిన వచనానికి సరిగ్గా పైది. ఆయన గడ్డం ఉంచుకుంటారా తమ్ముడూ?

32: తల నెరసినవాళ్ల ముందు లేచి నిలబడాలి. 34: పరదేశిని నీలాగే ప్రేమించాలి. 35, 36: తూకం, కొలత న్యాయంగా ఉండాలి. 37 వచనాల్లో మనకి నోటికి వచ్చేవి రెండు. 18 గోడ మీద రాసుకుంటాం, 28 పిల్లల మీదికి విసురుతాం. 13, 35 గురించి నా ముప్ఫై ఏళ్లలో ఒక్క ప్రసంగం వినలేదు.

గాజువాక_తమ్ముడు
రోజూ గీసుకుంటారు టీచర్ గారూ. నున్నగా.

నైట్‌షిఫ్ట్
టెర్రికాటన్ చొక్కాలు వేసుకునే అయ్యగార్లందరూ జాగ్రత్త.

బైబిల్‌స్కూల్_స్టూడెంట్
టెర్రికాటన్ వాదన అంత గట్టిది కాదు బ్రదర్. ద్వితీయోపదేశకాండం 22:11లో ఉన్నినీ నారనూ కలపొద్దని విడమరిచి ఉంది. వేరే మతాన్నయినా, మన గ్రంథాన్నయినా ఎగతాళికి వాడేముందు సరిగ్గా చదవాలి. కానీ టీచరమ్మగారి మాటకి నా దగ్గర జవాబు లేదు. పచ్చబొట్టుని ఆచారంలో వేయాలా, నైతికంలో వేయాలా? 28లో చచ్చినవాళ్ల కోసం దేహం కోసుకోవడంతో పాటు వచ్చింది, ద్వితీయోపదేశకాండం 14:1లోనూ అలాంటి మాటే ఉంది. చుట్టుపక్కల జనాల చావు ఆచారాలకి సంబంధించినదని చాలామంది పండితుల అభిప్రాయం. చెల్లెలు ఏ దేవతకీ మొక్కి వేయించుకోలేదు. నాన్న సంతకం అది.

పాతపోస్టాఫీసు_వాసి
ఆ మాట మన భాషలోకి వచ్చిన దారి కూడా తెలుసుకుంటే మంచిది. మొదట అచ్చయిన తెలుగు సువార్తల పని జరిగింది మన ఊళ్లోనే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగు చేశారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు, అచ్చు చూసుకోలేదు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన మొత్తం ప్రిచెట్ దొర 1818లో మద్రాసులో తెచ్చాడు. పాత నిబంధన ఆ తర్వాత.

28వ వచనంలో ఉన్న హెబ్రీ మాట మొత్తం బైబిల్లో అక్కడ ఒక్కచోటే కనిపిస్తుంది. దాని అర్థం ఇదీ అని ఇంకోచోట పోల్చి చూసే వీలు లేదు. మన అనువాదంలో దానికి "పచ్చబొట్టు" అని పెట్టారు, జనానికి తెలిసిన మాట కాబట్టి. అప్పటికి మన పల్లెల్లో ఆడవాళ్ల చేతుల మీద ఉన్నదీ ఆ పచ్చబొట్టే. ఆ నాయనమ్మలు పచ్చబొట్టు చేతులతోనే బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల చేతులు ఎవరూ ఎత్తి చూపించలేదు.

ఇంకో సంగతి. వచనాలకి ఈ నంబర్లు మొదటినుంచీ లేవు. 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు కొత్త నిబంధనకి వేసినవే ఇప్పటికీ వాడుతున్నాం. నంబరు వచ్చాక ఒక్క ముక్క తుంచుకుని పోవడం సులువైంది.

రాస్‌హిల్_మేరీ
ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవులు మణికట్టు మీద చిన్న సిలువ పచ్చబొట్టు వేయించుకుంటారు. మన కేరళ తోమా క్రైస్తవుల్లాగే పాత సంఘం వాళ్లది. పిల్లలకి కూడా వేయిస్తారు. అదే లేవీయకాండం వాళ్ల బైబిల్లోనూ ఉంది.

ఉక్కునగరం_రిటైర్డ్
మా తరం భయం మీకు అర్థం కావట్లేదు. ఇది చావు ఆచారం, అది ఆ కాలానికి, ఇది అనువాదం తేడా అంటూ ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేది ఏమిటి? ప్రేమ అన్న ఒక్క మాట మిగులుతుంది, దానికి ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు చెప్తారు. మా నాన్న సారా మానేశాడంటే ఒక వచనం మీదే మానేశాడు. ఎవరైనా ఆయనకి "సందర్భం" చెప్పి ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో. ఒకటో కొరింథీ 6:19, మీ దేహం దేవుని ఆలయం. దాని మీద రాతలెందుకు అని అడుగుతున్నాను.

ఎంవీపీ_టీచరమ్మ
మాస్టారూ, మీ నాన్నగారి మాట చదివి కళ్లు చెమర్చాయి. మీ భయం న్యాయమైనదే. నేను వచనాలు తీసేయమనట్లేదు. తీసేసినవి వెనక్కి తెమ్మంటున్నాను. మీ నాన్నగారు ఆ వచనం తన మీద తను పెట్టుకున్నారు, పక్కవాడి మీద కాదు. అక్కడే ఉంది తేడా అంతా.

షీలానగర్_సిస్టర్
టీచర్ గారి ఆఖరి మాట పట్టుకుని నాది చెప్తాను. బాప్తిస్మం రోజున నా చేత కమ్మలు, ముక్కుపుడక తీయించారు. ముక్కుపుడక మరలు బిగిసిపోయి రాలేదు, ఒకావిడ సబ్బు రాసి లాగితే రక్తం వచ్చింది. ఒకటో తిమోతి 2:9 చూపించారు. బంగారం, ముత్యాలు వద్దని. నేను ఒప్పుకునే తీశాను, ఇప్పటికీ పెట్టుకోను, దానికి బాధ లేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆ అధ్యాయం నా అంతట నేను చదివాను. అదే వచనంలో మిక్కిలి వెలగల వస్త్రములు అని కూడా ఉంది. పట్టుచీరల గురించి ఎవరూ అడగలేదు. దానికి పైన 8వ వచనం మగవాళ్లకి. "కోపమును సంశయమును లేనివారై" పవిత్రమైన చేతులెత్తి ప్రార్థన చేయాలని. కోపం ఉన్నవాడికి బాప్తిస్మం ఇవ్వం, ముందు ఆ కోపం తీసి ఇక్కడ పెట్టు అని ఏ మగవాణ్ణయినా నీళ్ల దగ్గర ఆపడం చూశారా? మా ఆయన కోపం సంఘం అందరికీ తెలుసు. నా ముక్కుపుడక మాత్రమే కనిపించింది.

సింహాచలం_రోడ్డు
నేను హిందువుని, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. సిస్టర్ రాసింది చదివి మా అత్తగారిల్లు గుర్తొచ్చింది. మడి, మైల, శాస్త్రం అన్నీ నా దగ్గరికి వచ్చేసరికి ఉంటాయి. మా బావగారు రాత్రి ఎక్కడ తిని వచ్చినా శాస్త్రం నిద్రపోతుంది. పుస్తకం ఏదైనా వేలు చూపించే చెయ్యి ఒకేలా ఉంది.

హేతువాది_కంచరపాలెం
ఇన్ని తంటాలు ఎందుకు? అందరూ ఏరుకుంటున్నారని మీరే ఒప్పుకుంటున్నారు. 1807లో లండన్‌లో బానిసల కోసమని ఒక బైబిల్ వేశారు, వెస్టిండీస్ తోటల్లో పనిచేసేవాళ్లకి. అందులో మోషే జనాన్ని విడిపించుకుని వెళ్లే కథ తీసేశారు. దాసులారా యజమానులకు లోబడండి అన్నది ఉంచారు. అమెరికాలో సదరన్ బాప్టిస్టులు 1845లో బానిసత్వం గొడవ మీదే విడిపోయి వేరే సంస్థ పెట్టారు, 1995లో క్షమాపణ చెప్పారు. 150 ఏళ్లు. ఏరుకోవడమే అయితే మీ మనస్సాక్షితో నేరుగా నడవండి, పుస్తకం మధ్యలో ఎందుకు?

ఎంవీపీ_టీచరమ్మ
బాబూ, ఆ తీసేసిన కథ సంగతి బాగా చెప్పావు. అది ఎందుకు తీసేశారో కూడా ఆలోచించు. ఆ బానిసలు నిర్గమకాండం చదివితే ఏమవుతుందో యజమానులకి తెలుసు. ఆ కథ చెవిన పడ్డ బానిసలు దాన్ని పాటలు కట్టి పాడుకున్నారు. మనస్సాక్షి ఒక్కటే చాలదు, దానికి నచ్చనిది చెప్పేది ఒకటి ఎదురుగా ఉండాలి. అందుకే నాకు పుస్తకం మొత్తం కావాలి, ముక్కలు కాదు.

హేతువాది_కంచరపాలెం
ఆ మాట ఆలోచిస్తాను టీచర్ గారూ. ఒప్పుకున్నానని కాదు.

నర్సక్క_మర్రిపాలెం
ఏరుకోవడం వల్ల మనుషులు అవిటివాళ్లవడం నేను కళ్లారా చూశాను. ఆడమనిషి, యాభై దాటింది, షుగర్. స్వస్థత కూటాలకి వెళ్లి వచ్చాక మాత్రలు మానేసింది. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత", యెషయా 53:5, గోడ మీద స్టిక్కరు కూడా అంటించుకుంది. మాత్ర వేసుకుంటే అవిశ్వాసం అని ఎవరో చెప్పారట. చెప్పు కరిచిన చిన్న పుండు, నాలుగు వారాల్లో నల్లబడింది. మా వార్డుకి వచ్చేసరికి వాసన. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. కట్టు మార్చేటప్పుడు నన్ను అడిగింది, నా విశ్వాసం ఎక్కడ తగ్గిందమ్మా అని. నొప్పి గురించి అడగలేదు.

మర్నాడు నా బైబిల్ తీసుకెళ్లాను. అదే యెషయా, పదిహేను అధ్యాయాలు వెనక్కి, 38:21. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉంటే, ప్రార్థన విన్నానని దేవుడు చెప్పాక, ఇదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకి కట్టమన్నాడు. ప్రార్థన, మందు రెండూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. ఆవిడకి చదివి వినిపిస్తే చాలాసేపు ఊరుకుని, "ఇది మాకెవరూ చదవలేదు" అంది. ఇప్పుడు ఇన్సులిన్ తనే వేసుకుంటోంది, స్టిక్కరు కూడా ఉంచుకుంది.

చెల్లికి ఒకటి చెప్పు తమ్ముడూ. యెషయా 49:16లో దేవుడు సీయోనుతో, నా అరచేతుల మీదే నిన్ను చెక్కుకున్నాను అంటాడు. ప్రేమించినవాళ్లని చేతి మీద చెక్కుకోవడం ఆయనకి కొత్తగా కనిపించదు.

గాజువాక_తమ్ముడు
ఇప్పుడే వినిపించాను అక్కా. ఇంకోసారి చదవమంది.

జాలారి_అమ్మాయి
అక్కడ ఆపి ఇక్కడ చదివే అలవాటు తుపానుల్లోనూ ఉంటుంది. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్, ఆదివారం. మా పడవ రెండు ముక్కలైంది, వల దొరకనే లేదు. పది రోజుల తర్వాత బియ్యం పంచడానికి వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని, ఈ తీరం పాపం వల్లే ఇలా అయిందన్నాడు. మా అమ్మమ్మకి చదువు రాదు, కానీ లూకా సువార్త విని విని నోటికి వచ్చు. లేచి, "సిలోయములో గోపురం పడి చచ్చిపోయిన పద్దెనిమిదిమందీ ఎక్కువ పాపులా బాబూ" అని అడిగింది. లూకా 13:4. అక్కడ యేసు కాదనే చెప్పాడు. ఆయన మైకు కింద పెట్టాడు. బియ్యం మాత్రం తీసుకున్నాం.

నైట్‌షిఫ్ట్
మీ అమ్మమ్మకి దణ్ణం.

నాదీ ఒకటి. మా సంఘంలో గోడ మీద గలతీ 3:28, యూదుడని గ్రీసువాడని లేదు అని పెద్దక్షరాల్లో ఉంటుంది. మా అక్కకి సంబంధం చూశాం, అబ్బాయి విశ్వాసి, బాప్తిస్మం అయింది, మంచి ఉద్యోగం. కులం వేరని పెద్దలే వద్దన్నారు. అవిశ్వాసులతో జోడు కట్టొద్దని రెండో కొరింథీ 6:14 చెప్పి ఎన్నో పెళ్లిళ్లు ఆపినవాళ్లు వీళ్లే. ఇద్దరూ విశ్వాసులైతే ఆపడానికి వచనం లేదు, అయినా ఆపారు. అక్కకి ఇప్పుడు 34.

టీచరమ్మ చెప్పిన కూలి వచనం, 13వది, నాకూ తగిలింది. కాంట్రాక్టు పని, మా కాంట్రాక్టర్ ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకి లైట్లు, టెంటు తనే పెట్టిస్తాడు. మాకు నవంబర్ కూలి జనవరిలో వస్తుంది.

షీలానగర్_సిస్టర్
డిసెంబర్ 31 అంటే వాగ్దానం కార్డులు, కొత్త ఏడాదికని ఒక్కొక్కరికీ ఒక్కో వచనం అచ్చేసి ఇచ్చేవి. మూడేళ్లలో రెండుసార్లు నాకు యిర్మీయా 29:11 వచ్చింది. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అని. దాని పైన 10వ వచనంలో డెబ్బై ఏళ్లు బబులోనులోనే ఉంటారని ఉంది. కార్డు మీద అచ్చు వేయరు. నాకైతే ఆ డెబ్బై ఏళ్లతో కలిపి చదివాకే ఆ మాట ఎక్కువ ధైర్యం ఇచ్చింది. చెరలో కూడా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అంటాడు దేవుడు.

బైబిల్‌స్కూల్_స్టూడెంట్
వడ్డీ ప్రశ్న అలాగే ఉండిపోయింది. కొంచెం చదివాను. సంఘం దీన్ని ఎప్పుడో వదిలేసిందనుకుంటాం కానీ వెయ్యేళ్లకి పైగా గట్టిగా పట్టుకుంది. 325లో నికయలో జరిగిన సంఘ మహాసభ వడ్డీ తీసుకునే సంఘ సేవకుల్ని పదవి నుంచి తీసేయమంది. 1179లో మూడో లాటరన్ సభ, పేరుమోసిన వడ్డీ వ్యాపారులకి ప్రభువు బల్ల గానీ క్రైస్తవ సమాధి గానీ ఇవ్వొద్దంది. 1545లో కాల్విన్ ఒక ఉత్తరంలో వడ్డీని పూర్తిగా నిషేధించనక్కర్లేదన్నాడు. వ్యాపారానికి ఇచ్చే అప్పు వేరు, ఆకలికి ఇచ్చే అప్పు వేరు అన్నాడు. బీదవాడి దగ్గర మాత్రం తీసుకోకూడదనే చెప్పాడు. అంటే వడ్డీకి ఒప్పుకున్నవాళ్లు కూడా తమ్ముడి వాళ్ల అమ్మ దగ్గర తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

ద్వితీయోపదేశకాండం 23:20లో పరదేశి దగ్గర తీసుకోవచ్చని ఉంది. సొంత సంఘంలో విధవరాలు పరదేశి కాదు. నిర్గమకాండం 22లో 22వ వచనం విధవరాలిని బాధపెట్టొద్దని, 25వది బీదవాడి దగ్గర వడ్డీ కట్టించుకోవద్దని. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఎంవీపీ_టీచరమ్మ
బాబూ, ఇది పరీక్షలో రాయకపోయినా ప్రసంగంలో చెప్పు.

ఉక్కునగరం_రిటైర్డ్
రెండు రోజులు రాయలేదు. రాయడం సులువు కాదు. రిటైర్ అయ్యాక వచ్చిన డబ్బులో కొంత నేనూ వడ్డీకి ఇచ్చాను. రెండు రూపాయలకి. బ్యాంకు కంటే నయం అనుకున్నానే తప్ప పాపం అనుకోలేదు. కీర్తన 15 నాకు నోటికి వచ్చు, "తన ద్రవ్యము వడ్డికియ్యడు" అని ప్రతి నెలా ఉపవాస ప్రార్థనలో చదివినవాణ్ణే. నా నోటితో నేను చదువుతూ నా చెవితో నేను వినలేదు.

తీసుకున్నవాళ్లలో ఇద్దరు వ్యాపారస్తులు, వాళ్ల సంగతి ఆలోచిస్తాను. ఒకావిడ కూతురి కాన్పుకి తీసుకుంది. నిన్న వెళ్లి నోటు ఇచ్చేసి వచ్చాను, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ అసలులో జమ చేశాను. పచ్చబొట్టు మీద నా అభిప్రాయం మారలేదు. వేయించుకోకపోతేనే మంచిదంటాను. కానీ ఆ అమ్మాయిని క్వయర్‌లోంచి తీసే హక్కు నాలాంటివాడికి లేదు.

రాస్‌హిల్_మేరీ
అంకుల్, ఇది చదివి మా ఇంట్లో అందరినీ పిలిచి వినిపించాను.

నర్సక్క_మర్రిపాలెం
కాన్పుకి తీసుకున్నావిడ ఎలా ఉందో, పాప ఎలా ఉందో కూడా రాయండి అంకుల్.

ఉక్కునగరం_రిటైర్డ్
బాబు అమ్మా. మూడు కిలోలు.

గాజువాక_తమ్ముడు
జరిగింది చెప్తాను. బుధవారం అయ్యగారిని కలిశాను. టీచర్ గారు రాసింది, స్టూడెంట్ బ్రదర్ రాసింది ఫోన్లో చూపించాను. వడ్డీ సంగతి ఆయనకి తెలియదన్నారు, నమ్మాను. నేను పెద్దాయన మీద ఫిర్యాదు చేయడానికి వెళ్లానేమోనని భయపడ్డారు. ఫిర్యాదు కాదు అయ్యగారూ, ఆ అధ్యాయం మొత్తం సంఘంలో చదవండి అని అడిగాను. కాసేపు బైబిల్ తిరగేసి, ఇరవై రెండేళ్ల సేవలో ఈ అధ్యాయం మీద ఎప్పుడూ చెప్పలేదన్నారు.

నిన్న ఆదివారం మొదలుపెట్టారు. 10వ వచనందాకా వచ్చారు. పొలం అంచులు అంటే మనకేమిటి అని అడిగితే, రైతుబజార్లో కూరగాయలమ్మే ఒకావిడ లేచి, సాయంత్రం మిగిలిన కూర పారబోయకుండా పక్క బస్తీ పిల్లలకి ఇస్తాను అయ్యగారూ, అది లెక్కకొస్తుందా అంది. వస్తుందమ్మా అన్నారు.

పెద్దాయన వచ్చారు, చివరిదాకా కూర్చున్నారు. మాతో మాట్లాడలేదు. చెల్లికి క్షమాపణ చెప్పలేదు. ప్రతి నెలా అయిదో తారీకు వడ్డీకి మనిషిని పంపేవారు, ఈ నెల ఎవరూ రాలేదు. ఎందుకో తెలియదు. అమ్మ డబ్బులు కవర్లో పెట్టి ఉంచింది.

చెల్లి ఇంకా క్వయర్‌లోకి వెళ్లలేదు. నాయనమ్మ పక్కన కూర్చుంది. ముసలావిడ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని వచ్చింది, ఎప్పుడూ అలా రాదు. "నా సేతులు సూడమను ముందు" అని బెంచీ ఎక్కేముందే అంది.

నైట్‌షిఫ్ట్
తమ్ముడూ, 13వ వచనం ఏ ఆదివారం వస్తుందో కనుక్కుని చెప్పు. మా కాంట్రాక్టర్ని తీసుకొస్తాను. వాళ్లావిడతో మాట్లాడాను, వస్తామంది.

గాజువాక_తమ్ముడు
వచ్చే ఆదివారమే. పదిన్నరకి. మూడో బెంచీ ఖాళీగా ఉంచుతాను.